పాత బండికి సొట్టలు తీయించాలా? శ్రీవారి గడ్డం మీది పచ్చకర్పూరం చెప్పే సమాధానం

 

ఈ వారం వీడియోలో జీర్ణోద్ధారణ గురించి చెప్పుకున్నాం కదా. పాతబడిన గుడిని, దెబ్బతిన్న విగ్రహాన్ని ఎప్పుడు బాగుచేయాలి, ఎప్పుడు ఊరికే ముట్టుకోకూడదు అన్నది అక్కడ విషయం. అది విని ఒక అబ్బాయి నాకు ప్రశ్న పంపాడు. సొంతూరు గిద్దలూరు దగ్గర, ఉద్యోగం బెంగళూరులో. "గురువుగారూ, గుడి సంగతి అర్థమైంది. మా నాయన కారు పదమూడేళ్లది. చుట్టూ సొట్టలే. వచ్చే నెల అమ్మానాయనలను తీసుకుని శ్రీశైలం వెళ్లాలి. ఆ తర్వాత అమ్మాయి వాళ్లు మా ఇంటికి వస్తున్నారు. షెడ్డులో అడిగితే అన్నీ తీసి పెయింటు వేయడానికి 38 వేలు అన్నారు. అమ్మితే బండికి లక్షా ఇరవై వస్తే గొప్ప. సొట్టలు తీయించాలా, వద్దా? సొట్ట ఉన్న బండిలో క్షేత్రానికి వెళ్తే దోషమని కూడా ఒకాయన అన్నాడు" అని రాశాడు.

పేరు చెప్పనని మాటిచ్చి, అతని అనుమతితోనే ఇక్కడ రాస్తున్నాను. ఎందుకంటే ఇది ఒక్కడి ప్రశ్న కాదు. మీలో చాలామంది ఇళ్లలో ఒక పాత బండి ఉంటుంది. మొదటి జీతంతో కొన్న సెకండ్ హ్యాండ్ కారో, నాన్నగారి స్కూటరో. దాని మీద గీతలుంటాయి, సొట్టలుంటాయి. ప్రతిసారీ చూస్తారు, ప్రతిసారీ "తీయిద్దామా" అనుకుంటారు.

ముందు ఆ దోషం మాట తేల్చేద్దాం. ఖండిత విగ్రహాన్ని పూజించకూడదు అనే నియమం ఉంది. అది ప్రతిష్ఠ చేసిన మూర్తికి. దాన్ని తెచ్చి కారు డోరుకు అతికించకూడదు. మన వాహనపూజనే గమనించండి. దసరాకు ఆయుధపూజ రోజు కొత్త బండికీ, పాత బండికీ ఒకే పసుపు, ఒకే కుంకుమ. పూజారిగారు బంపరు వంగిందా అని చూసి బొట్టు పెట్టరు. నిమ్మకాయలు ఎక్కడ పెడతాం? చక్రాల కింద. రంగు మీద కాదు, నేలను తాకే చోట. మన పెద్దల చూపు ఎక్కడుందో ఆ నిమ్మకాయే చెబుతుంది. కాబట్టి సొట్ట ఉన్న బండిలో శ్రీశైలం వెళితే మల్లన్న ఏమీ అనుకోడు. అరిగిపోయిన టైర్లతో అమ్మానాన్నలను ఆ ఘాటు ఎక్కిస్తే మాత్రం తప్పే.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం.

గుడి నేర్పే పద్ధతి

ఆగమాలు జీర్ణోద్ధారణ విషయంలో ఒక చక్కటి తెలివి చూపిస్తాయి. "పగిలింది, పారేయండి" అనవు. "పగిలింది, ఎలాగోలా అతికించండి" అని కూడా అనవు. ముందు చూడమంటాయి. దెబ్బ ఎక్కడ తగిలింది? ముఖంలాంటి ప్రధాన అంగానికా, లేక ఆభరణం అంచుకా, ఆయుధం కొసకా? చిన్న దెబ్బ అయితే తగిన రీతిలో బాగుచేసి పూజ కొనసాగించవచ్చు. ప్రధాన అంగమే పోతే కొత్త మూర్తి కావాలి. అంటే అన్ని దెబ్బలకూ ఒకే చికిత్స లేదు.

ఇంకో విశేషం. గర్భాలయంలో పని మొదలుపెట్టే ముందు స్వామి కళను కలశంలోకి ఆవాహన చేసి, బాలాలయం ఏర్పాటు చేస్తారు. పని జరిగినన్నాళ్లూ పూజ అక్కడ నడుస్తుంది. మరమ్మతు పేరు చెప్పి సేవ ఆగకూడదు అన్నమాట. ఈ రెండో సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

మన పశ్చిమ ప్రకాశంలోనే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. గుండ్లకమ్మ మీద కట్టిన కంభం చెరువు. విజయనగర రాజుల కాలం నాటిది. అంతర్జాతీయ నీటిపారుదల, మురుగునీటి పారుదల సంఘం 2020లో దాన్ని వారసత్వ నీటిపారుదల కట్టడాల జాబితాలో చేర్చింది. ఏ చెరువు కట్ట అయినా తీసుకోండి. కట్ట మీద గడ్డి మొలిస్తే, రాయి కాస్త పక్కకు ఒరిగితే ఆయకట్టు రైతు గాబరా పడడు. కట్ట అడుగున సన్నగా నీటి ఊట కనిపిస్తే మాత్రం ఆ రాత్రి నిద్రపోడు. కంటికి ఆనని ఊటే కట్టను తెంచుతుంది. కంటికి కొట్టొచ్చినట్టు కనిపించే గడ్డి ఏమీ చేయదు. ఏది చూడటానికి బాగాలేదో దాన్ని కాదు, ఏది పెరుగుతుందో దాన్ని ముందు పట్టుకోవాలి.

సొట్టల్లో మూడు రకాలు

ఇదే చూపుతో బండి చుట్టూ ఒకసారి నెమ్మదిగా తిరగండి. గుడికి ప్రదక్షిణం చేసినట్టే అనుకోండి. సొట్టలు మూడు రకాలుగా కనిపిస్తాయి.

మొదటి రకం, ప్రాణానికి సంబంధించినవి. డోరు సరిగా పడకపోవడం, బానెట్ గొళ్లెం గట్టిగా పట్టకపోవడం, మడ్‌గార్డు లోపలికి వంగి మలుపులో టైరుకు తగలడం, హెడ్‌లైటు పక్కకు చూడటం, బంపరు ఊగుతూ వేలాడటం. వీటికి ఆలోచన అక్కర్లేదు. ఇవాళే చేయించాలి. ఎందుకంటే ఇవి మీ ఒక్కరి విషయం కాదు. ఎదురుగా బైకు మీద వచ్చేవాడి విషయం కూడా.

రెండో రకం, పెరిగేవి. సొట్టతో పాటు పెయింటు చిట్లి లోపలి రేకు బయటపడితే నీరు, గాలి తగిలి తుప్పు మొదలవుతుంది. డోరు కింది అంచులు, చక్రాల పైన ఉండే వంపు, డిక్కీ అడుగు, ఇలాంటి చోట్ల ముఖ్యంగా చూడాలి. మార్కాపురం, గిద్దలూరు వైపు వాన తక్కువ కాబట్టి ఇది నెమ్మదిగా పాకుతుంది. అదే బండి చెన్నైలోనో, ఒంగోలులోనో సముద్రపు గాలికి ఉంటే తొందరగా తినేస్తుంది. ఇక్కడ ఒక జాగ్రత్త. తుప్పును పూర్తిగా గీకి తీసి, ప్రైమర్ కొట్టి, ఆ తర్వాతే పుట్టీ, పెయింటు. తుప్పు మీదే పుట్టీ మెత్తి రంగు కొడితే పైకి నున్నగా ఉంటుంది, లోపల పని జరుగుతూనే ఉంటుంది. కొన్నాళ్లకు పెయింటు పొక్కులు లేచి మొత్తం ఊడి వస్తుంది. మనసులో పెట్టుకున్న కోపం మీద నవ్వు పూసుకుంటే ఏమవుతుందో సరిగ్గా అదే.

మూడో రకం, కేవలం కనిపించేవి. రేకు కాస్త లోపలికి వెళ్లింది, పెయింటు చెక్కుచెదరలేదు. అది పదేళ్లు అలాగే ఉన్నా ఎవరికీ నష్టం లేదు. కావాలనుకుంటే నగరాల్లో పుట్టీ, పెయింటు లేకుండానే లోపలి నుంచి కడ్డీలతో నెమ్మదిగా నొక్కి సొట్ట తీసేవాళ్లు ఉన్నారు. రంగు జోలికి వెళ్లరు కాబట్టి అది తేలిక. అలా కాకుండా పెయింటు దాకా వెళ్తే ఒక చిక్కుంది. పదమూడేళ్లు ఎండలో ఉన్న రంగుకు కొత్త రంగు కలవదు. ఒక డోరుకు వేస్తే పక్క డోరు పాతగా కనిపిస్తుంది. అప్పుడు షెడ్డు ఆయన "మొత్తం సైడు కొట్టేద్దాం సార్" అంటాడు. ఆయన మోసం చేస్తున్నాడని కాదు, పని తీరే అంత. ఒక సొట్టతో మొదలై బిల్లు పెరిగేది ఇలాగే.

ఆ 38 వేలలో ఏ భాగం మొదటి రకానికి, ఏ భాగం రెండో రకానికి, ఏ భాగం మూడో రకానికి అని విడివిడిగా రాయించుకోమని ఆ అబ్బాయికి చెప్పాను. మూడు రోజుల తర్వాత లెక్క పంపాడు. మొదటి రకం ఒక్కటీ లేదు. రెండో రకం ఒక్కటే, ఎడమ వెనక డోరు కింద తుప్పు. దానికి ఆరున్నర వేలు. మిగతా 31,500 అంతా మూడో రకమే.

డబ్బు లెక్క పక్కనే సత్యం లెక్క

"బీమాలో పెట్టేస్తే పోదా గురువుగారూ" అని కూడా అడిగాడు. ఇది ధర్మానికి సంబంధించిన ప్రశ్న, కాస్త ఓపిగ్గా వినండి.

థర్డ్ పార్టీ బీమా మాత్రమే ఉంటే మన బండి సొట్టలకు పైసా రాదు. సమగ్ర బీమా ఉన్నా పదేళ్లు దాటిన బండికి మార్చే లోహపు భాగాల ధరలో సాధారణంగా 50 శాతం తరుగు కింద కోస్తారు. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకూ 50 శాతమే, పెయింటు సామగ్రికీ 50 శాతమే. దాని పైన 1500 సీసీ లోపు కారుకు ప్రతి క్లెయిమ్‌లో 1,000 రూపాయలు మనమే పెట్టుకోవాలి. ఐదేళ్లు క్లెయిమ్ చేయకుండా ఉంటే వచ్చే 50 శాతం నో క్లెయిమ్ బోనస్ ఒక్క క్లెయిమ్‌తో పోతుంది. చిన్న సొట్టకు క్లెయిమ్ చేస్తే ఒక చేత్తో తీసుకుని ఇంకో చేత్తో ఇచ్చినట్టే.

అసలు మెలిక ఇక్కడ కాదు. బీమా లెక్కలో ఒక్కో ప్రమాదానికి ఒక్కో క్లెయిమ్. అయిదు సొట్టలు అయిదు సార్లు పడితే అయిదు క్లెయిములు. అందుకని చాలామంది ఏం చేస్తారు? "నిన్న ఒకేసారి గోడకు గుద్దింది" అని రాసి అన్నీ అందులో కలిపేస్తారు. "అందరూ చేసేదే కదా" అంటారు. నాయనా, పెద్ద సంతకం కాదు, చిన్న కాగితమే. కానీ సత్యానికి చిన్న కాగితం, పెద్ద కాగితం అని ఉండదు. శ్రీశైలం వెళ్లే ముందు బండిని అందంగా చేసుకోవడానికి అబద్ధం రాసి, ఆ బండిలోనే వెళ్లి మల్లన్న ముందు చేతులు జోడిస్తే, బండి సొట్ట పోయింది కానీ కొత్త సొట్ట ఎక్కడ పడిందో ఆలోచించండి.

అమ్మేటప్పుడూ ఇదే మాట. అమ్మే ముందు బండి కడిగి, మెరుగు పెట్టి, సొట్ట తీయించడం తప్పు కాదు. తుప్పు మీద పుట్టీ మెత్తి "ఒక్క దెబ్బా తగల్లేదండీ" అనడం తప్పు. కొనేవాడు కూడా ఎవరో కుర్రాడే అయ్యుంటాడు, మీలాగే అప్పు చేసి కొంటూ ఉంటాడు. ఉన్నది ఉన్నట్టు చూపించి పది వేలు తక్కువకు అమ్మితే, ఆ పది వేలు పోయినట్టు కాదు. రాత్రి నిద్రకు కట్టిన ధర అది.

కాలిపోయి కూడా నిలబడ్డ రథం

ఇప్పుడు భారతంలోంచి ఒక సన్నివేశం. శల్యపర్వంలో ఉంది. యుద్ధం అయిపోయింది, దుర్యోధనుడు పడిపోయాడు. పాండవులు కౌరవ శిబిరానికి చేరారు. అక్కడ కృష్ణుడు అర్జునుడితో ఒక వింత మాట అన్నాడు. "గాండీవం, అమ్ములపొదులు తీసుకుని ముందు నువ్వు దిగు. తర్వాత నేను దిగుతాను" అని. మామూలుగా సారథి ముందు దిగాలి, రథికుడు తర్వాత. అయినా అర్జునుడు దిగాడు. తర్వాత కృష్ణుడు దిగాడు. జెండా మీది కపిరాజు అదృశ్యమయ్యాడు. మరుక్షణం ఆ రథం మొత్తం, గుర్రాలతో సహా, భగ్గున మండి బూడిదైపోయింది.

అర్జునుడు నివ్వెరపోయి అడిగితే స్వామి చెప్పాడు. ద్రోణుడి అస్త్రాలకు, కర్ణుడి అస్త్రాలకు ఆ రథం ఎప్పుడో కాలిపోయిందట. తాను కూర్చుని ఉన్నాడు కాబట్టి ఇన్నాళ్లూ నిలిచిందట.

ఈ కథ వినగానే మనం భక్తితో తల ఊపుతాం. మంచిదే. కానీ బండి ఉన్నవాళ్లు ఇంకో సంగతి కూడా పట్టుకోవాలి. రథం పైకి ఎలా కనిపిస్తోంది అన్నదానికీ, లోపల ఎలా ఉంది అన్నదానికీ సంబంధం ఉండకపోవచ్చు. మెరిసే రంగు కింద అరిగిన బ్రేకు ప్యాడ్లు ఉండొచ్చు. సొట్టల కింద గుండ్రాయిలాంటి ఇంజను ఉండొచ్చు. కాలిపోయిన రథాన్ని నడిపించడం కృష్ణుడికి చెల్లింది. మనం మాత్రం బ్రేకులు చూపించుకునే బయల్దేరాలి.

దోర్నాల నుంచి శ్రీశైలం సుమారు 50 కిలోమీటర్లు, నల్లమల మధ్య నుంచి వంపులు తిరిగే దారి. గిద్దలూరు నుంచి నంద్యాల వైపు వెళ్లినా ఘాటే. ఆ మలుపుల్లో బండిని పట్టి ఉంచేది పెయింటు కాదు. టైరు గాడుల మధ్య చిన్న దిమ్మెలాంటి గుర్తు ఉంటుంది చూడండి. గాడి ఆ గుర్తు దాకా అరిగిందంటే 1.6 మిల్లీమీటర్లే మిగిలిందని, టైరు మార్చాల్సిందేనని అర్థం. మార్కాపురం చెన్నకేశవస్వామి వారి రథోత్సవం చూసినవాళ్లకు తెలుసు. రథానికి పూలు, గుడ్డలు, అరటి చెట్లు ఎన్ని కట్టినా, అసలు కళ్లన్నీ చక్రాల మీద, ఇరుసు మీద, చక్రాల కింద చెక్కదిమ్మలు వేసే మనుషుల చేతుల మీద ఉంటాయి. అలంకారం స్వామికి ఆనందం, చక్రం జనానికి రక్షణ. రెండూ కావాలి. కానీ డబ్బు ఒకదానికే ఉంటే ఏది ముందో రథం లాగేవాళ్లను అడగండి.

ఆ అబ్బాయి బండికి ముందు టైర్లు రెండూ ఆ గుర్తు దాకా అరిగిపోయి ఉన్నాయి. 38 వేల ఎస్టిమేటులో వాటి ఊసే లేదు. ఉండదు కూడా, అతను అడిగింది సొట్టల గురించే కదా.

శ్రీవారి గడ్డం మీది గుర్తు

ఇక్కడితో ఆపేస్తే ఇది మెకానిక్ చెప్పాల్సిన మాట అవుతుంది. లెక్కలన్నీ తేలాక ఆ అబ్బాయిని ఒక్క ప్రశ్న అడిగాను. "ఆ సొట్టలు ఎలా పడ్డాయో నీకు తెలుసా?" అని. "నాకెట్లా తెలుస్తుంది గురువుగారూ, నాయన వాడిన బండి" అన్నాడు. కాసేపాగి తనే ఇంకో మాట చెప్పాడు. నాయన బెంగళూరు వచ్చినప్పుడు కారును అపార్ట్‌మెంటు లోపల పెట్టడట. వెనక వీధిలో పెట్టి నడిచి వస్తాడట. ఎవరూ పెట్టొద్దనలేదు. ఎప్పుడో ఒకసారి తను "నాయనా, ఈసారి బస్సులో రాగూడదా" అన్నాడట. అంతే.

అప్పుడు అతనికి మీ అందరికీ తెలిసిన కథే చెప్పాను. తిరుమలలో శ్రీవారి గడ్డం మీద తెల్లగా పచ్చకర్పూరం చూస్తాం. దాని వెనక అనంతాళ్వార్ కథ ఉంది. రామానుజులవారి శిష్యుడు ఆయన. గురువు ఆజ్ఞ మీద కొండకు వచ్చి స్వామికి పూలతోట పెంచాడు. తోటకు నీళ్ల కోసం చెరువు తవ్వాలి. ఆయన తవ్వుతుంటే నిండు గర్భిణి అయిన భార్య మట్టి మోసేది. ఆమె కష్టం చూడలేక ఒక పిల్లవాడు వచ్చి తట్ట అందుకున్నాడు. ఈ సేవలో వేరే ఎవరి చెయ్యీ పడకూడదని పంతం పట్టిన అనంతాళ్వార్ కోపంతో గునపం విసిరాడు. అది పిల్లవాడి గడ్డానికి తగిలింది. వాడు పరుగెత్తి మాయమయ్యాడు. తర్వాత గుడిలో చూస్తే శ్రీవారి గడ్డం నుంచి రక్తం కారుతోంది. ఆ పిల్లవాడు ఎవరో అప్పుడు అర్థమైంది. ఏడుస్తూ పచ్చకర్పూరం అద్దారు. ఆ గునపం ఇప్పటికీ మహాద్వారం దగ్గర పైన వేలాడుతుంటుంది, వెళ్లినప్పుడు తలెత్తి చూడండి.

ఈ కథను భక్తసులభుడైన స్వామి గొప్పతనంగా చెప్పుకుంటాం. ఇవాళ ఇంకో వైపు నుంచి చూద్దాం. అక్కడ రెండు పనులు జరిగాయి. గాయానికి మందు పడింది, రక్తం ఆగింది. ఇది మరమ్మతు. కానీ గుర్తును ఎవరూ చెరిపేయలేదు. ఇన్ని వందల ఏళ్లుగా అదే చోట కర్పూరం పెట్టి, దెబ్బ ఇక్కడే తగిలిందని లోకానికి చూపిస్తున్నారు. నిలువెల్లా బంగారం, వజ్రాలు ఉన్న స్వామికి ఆ చిన్న మచ్చను కిరీటం వెలుగులో కలిపేయడం కష్టమా? ఒక గర్భిణి తట్ట మోసి తగిలించుకున్న దెబ్బ అది. దాన్ని దాచుకోవాల్సిన అవసరం స్వామికి లేదు.

కారేదాన్ని ఆపాలి. కారనిదాన్ని, అందులోనూ ప్రేమ కోసం పడినదాన్ని, చూసి సిగ్గుపడక్కర్లేదు. పాత బండి విషయంలో నేను చెప్పదలచుకున్నది మొత్తం ఇంతే.

"నాయన దగ్గర కూర్చుని ఒక్కో సొట్ట కథ అడుగు. ఆ తర్వాత నిర్ణయించుకో" అన్నాను.

పది రోజులకు ఫోన్ చేశాడు. కుడివైపు గీత కంభం దాటాక మేకల మంద అడ్డం వస్తే తప్పించబోయి చెట్టుకు రాసుకున్నదట. ఒక్క మేకకూ తగల్లేదని ఆయన ఇప్పటికీ గొప్పగా చెబుతాడట. బానెట్ మీది గుంట పలకల లోడు లారీ వెనక వెళ్తుంటే రాయి ఎగిరి పడింది. మార్కాపురం వైపు తిరిగేవాళ్లకు అది కొత్త కాదు. డిక్కీ మీది పెద్ద సొట్ట మాత్రం అర్ధరాత్రిది. అమ్మకు ఊపిరాడక ఆసుపత్రికి తీసుకెళ్లిన రాత్రి, ఆమెను లోపలికి దించి, బండిని వెనక్కి తీస్తూ స్తంభానికి కొట్టాడు. దిగి చూడను కూడా లేదట. ఆ రాత్రి ఈ అబ్బాయికి ఇంజినీరింగు పరీక్షలు. చదువు చెడుతుందని ఇంట్లో ఎవరూ అతనికి చెప్పలేదు. "అమ్మకు అట్లా అయిందని నాకు ఆ సొట్ట అడిగితేగానీ తెలియలేదు గురువుగారూ" అన్నాడు.

అలంకారం తప్పా?

ఇదంతా విని, సొట్టలు తీయించడమే తప్పు అనుకోకండి. అది ఇంకో చివరకు పోవడం. స్వామికి రోజూ అలంకారం చేస్తాం కదా. అందంగా ఉంచుకోవడం మన ధర్మంలో భాగమే. ఇంటి ముందు ముగ్గు ఎవరి ప్రాణం కాపాడుతుందని వేస్తాం? కాబట్టి మూడో రకం సొట్టను కూడా తీయించుకోవచ్చు. చేతిలో డబ్బుండి, అప్పు చేయకుండా, టైర్లూ బ్రేకులూ అయ్యాక, ఇంట్లో పెద్దవాళ్లకు అది సంతోషమైతే నిక్షేపంగా తీయించండి. నాన్నగారే "అబ్బాయ్, ఒకసారి కొత్తగా చేయిద్దాంరా" అంటే వెంటనే చేయించండి. ఆ పెయింటు కూడా సేవే. అలంకారానికీ, కప్పిపుచ్చడానికీ తేడా ఒక్కటే. అలంకారం ప్రేమతో చేస్తాం, కప్పిపుచ్చడం భయంతో చేస్తాం.

అందుకే బండిని షెడ్డుకు ఇచ్చే ముందు మిమ్మల్ని మీరు మూడు మాటలు అడగండి. ఈ సొట్ట వల్ల ఎవరికైనా అపాయం ఉందా? ఇది ఇలాగే వదిలేస్తే పెరుగుతుందా? ఈ రెండూ కాకపోతే, దీన్ని ఎవరి కళ్ల కోసం తీయిస్తున్నాను? మొదటి రెండిటికీ జవాబు మెకానిక్ చెబుతాడు. మూడోదానికి మీరే చెప్పుకోవాలి.

ఇందాక బాలాలయం మాట గుర్తుపెట్టుకోమన్నాను. గుడిలో పని జరిగినన్నాళ్లూ పూజ ఆగదు. అలాగే బండి షెడ్డులో ఉన్నన్నాళ్లూ ఆ బండి చేస్తున్న సేవ ఆగకూడదు. నాన్నగారికి వారం వారం ఆసుపత్రికి వెళ్లే పని ఉండొచ్చు, అమ్మకు శనివారం గుడికి వెళ్లే అలవాటు ఉండొచ్చు. "పది రోజులు సర్దుకోండి" అని మనం తేలిగ్గా అనేస్తాం. ముందే వేరే ఏర్పాటు చేసి అప్పుడు బండి ఇవ్వండి. రంగు కోసం పెద్దవాళ్ల దర్శనం ఆగిపోతే ఆ రంగులో పుణ్యం ఏముంది?

ఇంకొక్క మాట, పెళ్లి చూపుల గురించి. వచ్చేవాళ్లు బండి సొట్టలు చూసి సంబంధం వద్దంటారేమో అనే భయం చాలామందికి ఉంటుంది. నిజంగానే అలా అనేవాళ్లు ఉంటే, ఆ సంగతి పెళ్లికి ముందే తెలియడం మీకు మేలు. చూసి కూడా పట్టించుకోనివాళ్లయితే, ఆ ఇంటి అమ్మాయి రేపు మీ అమ్మానాన్నల ముడతలను కూడా అదే కళ్లతో చూస్తుంది. మనుషులకూ వయసుతో సొట్టలు పడతాయి. వినికిడి తగ్గుతుంది, చెప్పిందే చెబుతారు, నలుగురిలో గట్టిగా మాట్లాడతారు. నగరంలో మన స్నేహితుల ముందు వాళ్లను వెనక వీధిలో నిలబెడుతున్నామా, లోపలికి తీసుకొస్తున్నామా అన్నదే అసలు పరీక్ష. బండి దగ్గర అలవాటైన చూపే మనుషుల దగ్గరా పనిచేస్తుంది.

ఈ ఆదివారం మీ బండిని మీరే కడగండి. సర్వీసుకు ఇవ్వొద్దు. బకెట్టు నీళ్లు, పాత గుడ్డ చాలు. ప్రతి గీత మీదా చెయ్యి పడుతుంది. తుప్పు ఉంటే వేలికి గరుకుగా తగులుతుంది, దాన్ని రాసిపెట్టుకుని సోమవారం చేయించండి. టైరు గాడులు చూడండి. మిగతా సొట్టల దగ్గర, అది పడిన రోజు బండిలో ఎవరున్నారో ఒకసారి తలచుకోండి. వాళ్లకు ఆ పూటే ఫోన్ చేయండి.

అందరూ క్షేమంగా వెళ్లి లాభంగా రావాలని స్వామిని ప్రార్థిస్తున్నాను. శుభం భూయాత్.